ఎమ దత్సి ఇంట్లో చేసుకోవడం ఎలా: పోపు లేని, పసుపు లేని భూటాన్ భోజనం

బెంగళూరులో పీజీలో ఉన్నప్పుడు మా పక్క రూమ్‌లో భూటాన్ రాజధాని థింపూ నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఆదివారం పొద్దున కూరగాయల బండి దగ్గర మేమందరం పది రూపాయల పచ్చిమిర్చి ఇవ్వండి అని అడిగితే తను ఒక్కతే అరకిలో తూయించుకునేది, మొదటిసారి చూసినప్పుడు ఏదో పచ్చడి పడుతుందేమో అనుకున్నా. సాయంత్రానికి ఆ అరకిలో మిరపకాయలూ ఇండక్షన్ స్టవ్ మీద కూర అయిపోయాయి. మనం దొండకాయలు, బెండకాయలు కోసుకుని కూర చేసుకున్నట్టు వాళ్లు మిరపకాయలు కోసుకుని కూర చేసుకుంటారు, అంతే. దాని పేరు ఎమ దత్సి. వాళ్ల జోంఖా భాషలో ఎమ అంటే మిరపకాయ, దత్సి అంటే చీజ్. భూటాన్‌లో ఏ ఇంట్లో అయినా దాదాపు రోజూ ఉండే వంట ఇదే, జాతీయ వంటకం ఏంటి అని ఎవరిని అడిగినా దీని పేరే చెప్తారు.

ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్న దగ్గర్నుంచి ఇంట్లో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఇక్కడ రాసేది మన వంటింట్లో, మన కొట్లో దొరికే వాటితో ఒక పూర్తి భూటాన్ భోజనం ఎలా వండుకోవాలి అని: ఎర్రన్నం, ఎమ దత్సి, పక్కన నంజుకోడానికి ఎజే అనే పచ్చడి, ఆఖర్న వెన్న టీ. మొత్తం కలిపి గంటన్నర పడుతుంది, దత్సి కూడా ఇంట్లోనే చేసుకుంటే రెండు మూడు రోజుల ముందే పాలు తోడుపెట్టుకుని, ముందు రోజు సాయంత్రం ఇంకో రెండు గంటలు తీసిపెట్టుకోండి. కొలతలన్నీ నలుగురికి.

మొదలుపెట్టే ముందు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పోపు పెట్టకండి. పసుపు వేయకండి. ధనియాల పొడి, గరం మసాలా, కరివేపాకు ఏవీ వద్దు. నాకు తెలుసు చెయ్యి ఊరుకోదు, నేను మొదటిసారి ఒక్కదాన్నే చేసినప్పుడు జీలకర్ర, వెల్లుల్లి పోపు పెట్టి చిటికెడు పసుపు కూడా వేసి ఆ అమ్మాయికి పెట్టాను. తను శుభ్రంగా తినేసి, "బాగుంది అక్కా, కానీ ఇది మీ ఊరి కూర" అంది. అప్పుడు అర్థమైంది. ఈ వంట రుచి అంతా మిరపకాయ వాసనలోనూ పాల కమ్మదనంలోనూ ఉంది, ఆవాలు చిటపటమన్నాయంటే ఆ రెండూ వెనక్కి వెళ్లిపోతాయి. భూటాన్ మొత్తంలో మసాలాలే వాడరని కాదు నేను చెప్పేది, దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే కుటుంబాల్లో పప్పు, పసుపు, జీలకర్ర అన్నీ ఉంటాయి, కానీ ఎమ దత్సిలో మాత్రం ఉండవు.

మిరపకాయలు ఎంచుకోవడం

కూర సగం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి దీని మీద కాసేపు ఆగుదాం. భూటాన్ మిరపకాయలు పొడవుగా, లావుగా, కండగా ఉంటాయి, కారం ఉంటుంది కానీ మన సన్న పచ్చిమిర్చిలాగా నాలుక కోసేసే కారం కాదు. మన బజార్లో దానికి దగ్గరగా ఉండేది బజ్జీ మిరపకాయ. కాకపోతే బజ్జీ మిరపకాయలకి ఒక్కోసారి అసలు కారమే ఉండదు, అందుకని నేను పావుకిలో బజ్జీ మిరపకాయలకి మామూలు పచ్చిమిరపకాయలు ఐదారు కలుపుతాను. కారం బాగా తినే ఇల్లయితే పది వేస్కోండి. మొత్తం సన్న పచ్చిమిర్చితో మాత్రం చేయకండి, మనం గుంటూరు కారం తినేవాళ్లం మనకేం అవుతుంది అనుకోవచ్చు గానీ మనం కారం తినేది పచ్చట్లో, పొడిలో, నంజుకుని తినడం, వీళ్లు తినేది గరిటెడు కూర గరిటెడు అన్నం, రెండూ ఒకటి కాదు.

కొనేటప్పుడు మిరపకాయ గట్టిగా, తొడిమ పచ్చగా ఉండాలి. వంచితే టప్‌మని విరగాలి. మెత్తబడ్డవి ఉడికేసరికి తొక్క ఒకవైపు, కండ ఒకవైపు అయిపోతాయి.

కోసే పద్ధతి కూడా ముఖ్యమే. తొడిమ తీసేసి నిలువుగా రెండు చీలికలు, మరీ లావుగా ఉంటే నాలుగు. చక్రాల్లాగా అడ్డంగా కోయకండి, నిలువుగా కోస్తేనే ఉడికిన తర్వాత కూరముక్కలాగా నోటికి తగులుతుంది, లేకపోతే గింజలన్నీ విడిపోయి పులుసులో తేలుతుంటాయి. గింజలు తీయాలా వద్దా అంటే, అక్కడ చాలామంది తీయరు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సగం కాయలకి గింజలతో పాటు లోపల తెల్ల ఈనె కూడా గీకి తీసేయండి, అసలు కారం ఎక్కువుండేది ఆ తెల్ల ఈనెలోనే. చేతికి కొంచెం నూనె రాసుకుని కోయండి, తర్వాత కళ్లు నలుపుకోకండి, ఇది మీకు చెప్పక్కర్లేదు.

ఎండుమిరపకాయలతో కూడా చేస్తారు, దాని రుచి వేరే. ఆ ఊళ్లో చలికాలం పచ్చివి సరిగ్గా దొరకవు, అందుకని సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పారో, థింపూ వైపు ఇళ్ల పైకప్పుల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోస్తారు, ఊరంతా ఎర్ర దుప్పటి కప్పినట్టు ఉంటుంది, ఫొటోల్లో చూసినా గుంటూరు వైపు మిరప కల్లాలు గుర్తొస్తాయి. తెల్ల మిరపకాయ అని ఇంకోటి ఉంది, పచ్చి మిరపకాయల్ని మరిగే నీళ్లలో ఒకసారి ముంచి తీసి ఎండబెడతారు, ఎండేసరికి పాలిపోయి తెల్లగా అయిపోతాయి. మన చల్లమిరపకాయలు చూడ్డానికి అలాగే ఉంటాయి కాబట్టి అవి వేసేద్దాం అనిపిస్తుంది, వద్దు, వాటిల్లో మజ్జిగ పులుపు, ఉప్పు బోలెడు ఉంటాయి, కూర ఉప్పుకషాయం అవుతుంది. ఎండువాటితో చేయాలంటే మామూలు లావు ఎండుమిరపకాయలు ఓ పదిహేను, గింజలు దులిపేసి వేడినీళ్లలో అరగంట నానబెట్టుకుని వాడండి, బ్యాడగి రకం అయితే రంగు బాగా వస్తుంది, కారం తగ్గుతుంది.

ఇంకో విషయం, 2016లో భూటాన్ ప్రభుత్వం పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని మన దేశం నుంచి మిరపకాయల దిగుమతి ఆపేసింది. రోజూ కూరలాగా తినే వస్తువు కదా, వాళ్ల భయం వాళ్లది. మనం కూడా ఇంత మోతాదులో మిరపకాయ తింటున్నప్పుడు ఉప్పునీళ్లలో పది నిమిషాలు వేసి రెండు మూడుసార్లు కడుక్కోవడం మంచిది.

దత్సి: మజ్జిగ నుంచి వచ్చే చీజ్

దీన్ని చదివి మీ ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, వెంటనే అర్థమైపోతుంది వాళ్లకి. పాలు తోడుపెట్టి, పెరుగు చిలికి, వెన్న తీసేస్తారు, ఇక్కడిదాకా అచ్చం మన పద్ధతే. మనమైతే మిగిలిన మజ్జిగ తాగేస్తాం, పులుసు పెట్టుకుంటాం. వాళ్లు ఆ మజ్జిగని పొయ్యి మీద పెట్టి సన్న సెగ మీద వేడి చేస్తారు. అది విరిగి తెల్లటి ముద్ద పైకి తేలుతుంది, దాన్ని వడగట్టి పిండి చేత్తో ఉండలు చుడతారు. అదే దత్సి. అక్కడ సంతలో అలా ఉండలుగానే అమ్ముతారు. ఆవు పాలది మామూలుగా దొరుకుతుంది, కొండల పైన జడలబర్రెలు కాసుకునేవాళ్ల దగ్గర వాటి పాలది.

ఇంట్లో చేయాలంటే లీటరున్నర చిక్కటి పాలు తోడుపెట్టి, ఒకరోజు ఎక్కువ ఉంచి కొంచెం పుల్లబడనివ్వండి. అంతే కొలత చల్లటి నీళ్లు పోసి కవ్వంతోనో మిక్సీలోనో చిలికి వెన్న తీసి పక్కన పెట్టండి, ఆ వెన్న పారేయకండి, మనకి కూరలోకీ టీలోకీ అదే కావాలి. మజ్జిగని మందపాటి గిన్నెలో పోసి చిన్న మంట మీద పెట్టండి. గరిటెతో గిరగిరా తిప్పకండి, అడుగంటకుండా ఒకటి రెండుసార్లు నెమ్మదిగా కదిపితే చాలు. పది పదిహేను నిమిషాలకి అంచుల దగ్గర నీళ్లు పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చగా విడిపోతూ మధ్యలో తెల్లటి మబ్బులాగా ముద్ద కడుతుంది. తెర్లే దాకా ఆగొద్దు, తెర్లితే ముద్ద రవ్వరవ్వగా రబ్బరులా అయిపోతుంది. ముద్ద కట్టగానే దించేసి మూతపెట్టి పావుగంట వదిలేసి, పల్చటి గుడ్డలో వడగట్టి మూట కట్టి సింకు కుళాయికి గంటసేపు వేలాడదీయండి. పెద్ద నిమ్మకాయంత ఉండలు మూడో నాలుగో వస్తాయి. చేత్తో నొక్కితే నెర్రెలు విచ్చేంత పొడిగా ఉండాలి, తింటే కాస్త పులుపు తగలాలి. పనీర్‌కీ దీనికీ ఉన్న తేడా ఆ పులుపే.

ఇది ఒక్కటే వేస్తే పులుసు చిక్కగా, కొంచెం పలుకుగా వస్తుంది, పల్లెటూరి ఎమ దత్సి అలాగే ఉంటుంది. ఈమధ్య అక్కడ టౌన్లలో చాలామంది అమూల్ చీజ్ కూడా కలిపేస్తున్నారు, మా పీజీ అమ్మాయి కూడా అలాగే చేసేది, ఎందుకంటే ప్రాసెస్డ్ చీజ్ వేడికి విరగకుండా నున్నగా కరిగిపోతుంది. నాకు నచ్చిన లెక్క రెండు ఉండల దత్సికి నాలుగు అమూల్ క్యూబ్‌లు. దత్సి చేసే ఓపిక లేకపోతే ఆరు క్యూబ్‌లు వేసి, దించాక రెండు చెంచాల పుల్ల పెరుగు గిలకొట్టి కలపండి, పర్లేదు. మోజరెల్లా మాత్రం వద్దు, పిజ్జాలాగా తీగలు సాగుతుంది, అన్నంలో కలవదు.

ఎర్రన్నం

ముందు అన్నం పొయ్యి మీద పెట్టేసి కూర మొదలుపెట్టండి. పారో లోయలో పండే ఎర్రబియ్యానికి బాగా పేరు, పై తవుడు పొర పూర్తిగా తీయరు కాబట్టి ఎరుపు నిలుస్తుంది, వండాక లేత గులాబీ రంగులోకి వచ్చి కొంచెం జిగురుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో భూటాన్ రెడ్ రైస్ అని దొరుకుతుంది, ధర ఎక్కువే. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాతిక నిమిషాలు చిన్న మంట, దించాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయడం. మామూలు దంపుడు బియ్యం అంత మొండిగా ఉడకదు, తొందరగానే మెత్తబడుతుంది. దొరక్కపోతే రక్తశాలి లాంటి మన ఎర్రబియ్యంతో చేస్కోండి, అవి రెండు గంటలు నానబెట్టాలి, నీళ్లు కూడా ఎక్కువ పడతాయి. అదీ లేకపోతే సోనా మసూరి వండుకోండి, కానీ ఒక్క పలుకు మెత్తగా, ముద్ద కట్టేలాగా.

ఇప్పుడు ఎమ దత్సి

కావాల్సినవి దగ్గర పెట్టుకోండి: చీరిన మిరపకాయలు, ఒక పెద్ద ఉల్లిపాయ నిలువుగా కోసింది, వెల్లుల్లి రెబ్బలు ఆరేడు కచ్చాపచ్చాగా దంచినవి, ఒక టమాటా, రెండు పెద్ద చెంచాల వెన్న, చీజ్, ఉప్పు. వెన్న లేకపోతే నూనె వేసినా నడుస్తుంది, నెయ్యి మాత్రం వద్దు, నెయ్యి వాసన మొత్తం మీద ఎక్కి కూర్చుంటుంది.

మందపాటి గిన్నెలో మిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, వెన్న అన్నీ ఒకేసారి వేసేసి ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోయండి. వేయించడం అనే పని లేదు. చాలామంది ఇక్కడే ఆగి ఉల్లిపాయ ముందు వేయించాలి కదా అని అడుగుతారు, అక్కర్లేదు, అన్నీ నీళ్లలోనే ఉడకాలి. మూతపెట్టి మీడియం మంట మీద పది నిమిషాలు. మధ్యలో మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోండి, ఆ ఆవిరి కళ్లలోకి, గొంతులోకి కొడుతుంది, వంటింటి కిటికీ తెరిచి ఫ్యాన్ వేసి ఉంచండి.

మిరపకాయ రంగు మారడం చూడండి. మొదట మెరిసే ఆకుపచ్చ, తర్వాత ఆలివ్ పచ్చ, తొక్క మీద చిన్న ముడతలు. గరిటె అంచుతో నొక్కితే తెగాలి కానీ చిదిమిపోకూడదు. ఆ స్థితికి రాగానే టమాటా పెద్ద ముక్కలుగా కోసి వేసి రెండు నిమిషాలు. టమాటా ముందే వేస్తే కరిగిపోయి కూర ఎర్రబడి పులుసుకూర అవుతుంది, అందుకే చివర్న. కొన్ని ఇళ్లలో టమాటా అసలు వేయరు.

ఇప్పుడు మంట పూర్తిగా తగ్గించేయండి. గిన్నెలో నీళ్లు మిరపకాయలకి సగం దాకా ఉండాలి, ఎక్కువ ఉంటే ఒక కప్పు తీసి పక్కన పెట్టండి, పారబోయకండి. దత్సి ఉండలు చేత్తో చిదుపుతూ పైన చల్లండి, చీజ్ క్యూబ్‌లు ముక్కలు చేసి వేయండి, కలపకండి. మూతపెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. అప్పుడు మూత తీసి గిన్నెని రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా ఊపి, గరిటెతో అడుగు నుంచి పైకి మెల్లగా నాలుగుసార్లు కలిపి స్టవ్ కట్టేయండి. చీజ్ పడ్డాక కూర మరగకూడదు, ఈ వంటలో పాడవడానికి ఉన్న ఒకే ఒక్క చోటు ఇది. మరిగితే దత్సి నీళ్లు వదిలి పలుకులు పలుకులుగా విడిపోతుంది.

ఉప్పు ఇప్పుడు చూస్కోండి, ముందు కాదు. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కదా, ముందే వేస్తే తప్పకుండా ఎక్కువవుతుంది. కూర చిక్కదనం మన పాలకూర పప్పుకంటే కొంచెం పల్చగా, గరిటె మీంచి జారేలాగా ఉండాలి. గట్టిపడితే ఇందాక తీసిపెట్టుకున్న నీళ్లు కలపండి. పైన కొత్తిమీర కావాలంటే కొంచెం.

విరిగిపోయిందనుకోండి, కంగారు పడొద్దు. స్టవ్ కట్టేసి, ఒక చీజ్ క్యూబ్‌ని రెండు చెంచాల వేడినీళ్లలో మెత్తగా కరిగించి అందులో కలపండి, చాలావరకు దగ్గరకొస్తుంది. కారం మరీ ఎక్కువైతే నీళ్లు పోయకండి, ఉపయోగం లేదు, మిరపకాయ కారం నీళ్లలో కరగదు, పాలల్లో ఉండే కొవ్వూ మాంసకృత్తులే దాన్ని పట్టుకుంటాయి. ఇంకొంచెం వెన్న, ఇంకో చీజ్ ముక్క వేయండి, లేదా ఉడికించిన బంగాళదుంప చక్రాలు రెండు కలపండి. తినేటప్పుడు మండిపోతే మజ్జిగ తాగండి.

ఈ ఒక్క పద్ధతి వచ్చేస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. బంగాళదుంపలు పల్చటి బిళ్లలుగా కోసి నాలుగు మిరపకాయలతో ఇలాగే ఉడికించి చీజ్ వేస్తే కెవా దత్సి, పిల్లలకి మొదట అదే పెట్టండి, మా ఇంట్లో కారం ముట్టని మా పెద్దమ్మ కూడా అడిగి మరీ వేయించుకుంది. పుట్టగొడుగులతో చేస్తే షాము దత్సి, పుట్టగొడుగులే నీళ్లు వదుల్తాయి కాబట్టి నీళ్లు సగానికి తగ్గించండి. వసంతంలో అక్కడ అడవి నుంచి తెచ్చే లేత ఫెర్న్ చిగుళ్లని నాకే అంటారు, వాటితో కూడా చేస్తారు, మనకి అవి దొరకవు.

మాంసం తినేవాళ్లకి

క్లుప్తంగా చెప్తాను. జషా మారు అని కోడిమాంసం పులుసు ఉంది, తేలిక. అరకిలో బోన్‌లెస్ చికెన్ చిన్న ముక్కలు చేసి, కొంచెం వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి, సన్నగా తరిగిన అల్లంతో రెండు నిమిషాలు కలిపి, టమాటాలు రెండు, చీరిన పచ్చిమిర్చి ఐదు, రెండు గ్లాసుల నీళ్లు పోసి ఉడికించడమే. పల్చగా ఉండాలి. చీజ్ వేయరు. పంది మాంసం తినేవాళ్లయితే ఫక్షా పా, లావు ముక్కలు, ఎండు మిరపకాయలు, ముల్లంగి. గాలికి ఎండబెట్టిన గొడ్డు మాంసాన్ని షాకమ్ అంటారు, పంది కొవ్వు పట్టీ ఎండబెడితే సికమ్, అవి ఆ చలిగాలికి ఎండాల్సినవి, మన ఎండలో, మన తేమలో ఇంట్లో ప్రయత్నించకండి, కుళ్లిపోతాయి.

ఎజే

ఇది వాళ్ల రోటి పచ్చడి అనుకోండి, ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. నేను చేసేది: నాలుగు ఎండుమిరపకాయలు సెగ మీద కాల్చి, రోట్లో ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలతో కచ్చాపచ్చాగా దంచి, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర వేసి చేత్తో పిసికి, మిగిలిన దత్సి ఉండ చిదిపి కలపడం. తింగే అని అక్కడ ఒక గింజ వేస్తారు, సిచువాన్ మిరియాల జాతి, నాలుక మీద జుమ్మని తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో సిచువాన్ పెప్పర్ దొరికితే ఐదారు గింజలు వేయించి నలిపి వేయండి, లోపల నల్ల గింజ తీసేసి పై తొక్క మాత్రమే. ఇది దొరక్కపోతే వదిలేయండి, మిరియాలు దాని బదులు కాదు.

సుజా: ఉప్పు, వెన్న టీ

దీన్ని టీ అనుకుని నోట్లో పెట్టుకుంటే మొహం మారిపోతుంది. పల్చటి సూప్ అనుకుని తాగండి, రెండో గుక్క నుంచి నచ్చుతుంది. అక్కడ పొడవాటి చెక్క గొట్టంలో పోసి కర్రతో దంచుతూ చిలుకుతారు, మనకి మిక్సీ చాలు.

నాలుగు గ్లాసుల నీళ్లలో రెండు చెంచాల టీ పొడి, సాదా పొడి, యాలకులు అల్లం కలిపిన మసాలా రకం కాదు, వేసి పది నిమిషాలు బాగా మరిగించండి. వడగట్టి, అర చెంచా ఉప్పు, ఇందాక దాచుకున్న వెన్న రెండు పెద్ద చెంచాలు, పావు గ్లాసు వేడి పాలు వేసి గుంటగరిటెతో పైనుంచి కిందకి నాలుగైదుసార్లు పోసి, మిక్సీ జార్‌లో సగానికి మించకుండా పోసి, మూత మీద గుడ్డ పెట్టి గట్టిగా పట్టుకుని అర నిమిషం తిప్పండి. జార్ నింపేస్తే వేడి ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి, రెండు విడతలుగా చేయండి. వెన్న టీలో కలిసిపోయి లేత గులాబీ గోధుమ రంగులో పైన నురగ కట్టాలి. పైన నూనె చుక్కలు తేలుతున్నాయంటే ఇంకొంచెం తిప్పాలి. వేడి తగ్గితే వెన్న తేలిపోతుంది, వెంటనే తాగేయాలి. ప్యాకెట్ ఉప్పు వెన్న వాడితే ఉప్పు వేయకండి.

పక్కన వేయించిన బియ్యం పెడతారు, జావ్ అంటారు, మన జావతో సంబంధం లేదు. మరమరాల కంటే గట్టిగా, పళ్ల కింద కరకరలాడుతుంది. బియ్యం రాత్రి నానబెట్టి, నీళ్లు వంపి, గుడ్డ మీద ఆరబెట్టి, ఇనప మూకుడులో కొంచెం వెన్నతో బంగారు రంగు వచ్చేదాకా వేయించుకోవడమే. తూర్పు భూటాన్ వైపు మొక్కజొన్న గింజలు వేయించి దంచి అటుకుల్లా చేస్తారు, తెంగ్మా అంటారు. ఇంట్లో ఏదీ లేకపోతే వేయించిన మందపాటి అటుకులు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. ఉప్పు టీ ససేమిరా వద్దు అనేవాళ్లకి మామూలు పాల టీ, చక్కెరతో, దాన్ని అక్కడ న్గాజా అంటారు, అదీ అక్కడ ఇంటింటా ఉండేదే.

వడ్డించడం, తినడం

కింద కూర్చుని చేత్తో తినడం వాళ్ల పాత పద్ధతి, మనకి కొత్తేం కాదు. అన్నం ఎక్కువ, కూర తక్కువ. ఎర్రన్నాన్ని చిన్న ముద్ద చేసి ఎమ దత్సిలో అద్దుకుని ఒక మిరపకాయ ముక్కతో కలిపి నోట్లో పెట్టుకోండి. మనలాగా అన్నం మొత్తం కలిపేసుకుంటే చీజ్ అంతా అన్నం పీల్చేసుకుని ముద్దైపోతుంది. వెదురుతో అల్లిన మూత బుట్ట ఉంటుంది, బాంగ్‌చుంగ్ అంటారు, రెండు సగాలూ గిన్నెల్లా వాడుకోవచ్చు, పొలానికి, ప్రయాణానికి అన్నం కట్టుకెళ్లేది అందులోనే.

ఒకవేళ భూటాన్ వెళ్లి ఎవరింట్లో అయినా భోజనానికి కూర్చుంటే, వడ్డించబోతే వెంటనే గిన్నె చాపకండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెషు మెషు అని ఒకటి రెండుసార్లు వద్దనడం అక్కడ మర్యాద, మళ్లీ అడిగాక తీసుకోవాలి. మన పెద్దవాళ్లు వద్దమ్మా చాలమ్మా అంటూనే విస్తరి ముందుకి జరిపినట్టే. తిన్నాక కదిన్చే లా అంటే కృతజ్ఞతలు చెప్పినట్టు, ఆ లా అనేది మన అండీ లాంటిది.

వెళ్లేవాళ్ల కోసం ఇంకో రెండు ముక్కలు. మనవాళ్లకి వీసా అక్కర్లేదు కానీ పర్మిట్ తీసుకోవాలి, 2022 సెప్టెంబర్ నుంచి ఒక్కో రాత్రికి మనిషికి 1200 రూపాయలు ప్రభుత్వ రుసుము కూడా ఉంది, అది చూసుకుని ప్లాన్ చేస్కోండి. వాళ్ల కరెన్సీ నూల్ట్రమ్ మన రూపాయితో సమానం. థింపూలో సెంటినరీ ఫార్మర్స్ మార్కెట్‌కి తప్పకుండా వెళ్లండి, దత్సి ఉండలు, ఎండుమిరపకాయలు, ఎర్రబియ్యం అన్నీ ఒకేచోట. దారానికి గుచ్చి తోరణంలా వేలాడదీసిన రాయి లాంటి చీజ్ ముక్కలు కనిపిస్తే అవి చుగో, కొరకొద్దు, పళ్లు పోతాయి, బుగ్గన పెట్టుకుని గంటసేపు నానబెట్టుకుంటూ నమలాలి. నవంబర్, డిసెంబర్ ప్రాంతంలో హా లోయ వైపు వెళ్తే బక్‌వీట్ పిండితో చేసే హోంతే అడగండి, టర్నిప్ ఆకు, చీజ్ కూరి ఆవిరి మీద ఉడికిస్తారు, అక్కడి లోంబా పండగకి చేసుకునేది. ఆరా అని ఇంట్లో వడ్లు, మొక్కజొన్న లాంటివాటితో కాచే సారా కూడా పోస్తారు, వేడిచేసి వెన్న, గుడ్డు వేసి మరీ ఇస్తారు, ముఖ్యంగా తూర్పు వైపు. తాగే అలవాటు లేకపోతే పెదాలకి తగిలించి పక్కన పెట్టేయొచ్చు. ఇంటికొచ్చి కాచే ప్రయత్నం మాత్రం వద్దు, మన దగ్గర ఇంట్లో సారా కాయడం నేరం, ప్రమాదం కూడా.

ఆఖరిగా, మిగిలిపోయిన ఎమ దత్సి గురించి. ఫ్రిజ్‌లో పెడితే గడ్డ కడుతుంది, మైక్రోవేవ్‌లో పెట్టకండి, అంచులు ఎండిపోయి మధ్యలో విరిగిపోతుంది. గిన్నెలో రెండు చెంచాల నీళ్లు వేసి, ఆ నీళ్లు వేడెక్కాక కూర వేసి, అతి చిన్న మంట మీద మూతపెట్టి ఐదు నిమిషాలు. మర్నాటికి మిరపకాయకి చీజ్ బాగా పట్టి కారం కాస్త మెత్తబడుతుంది, రాత్రి మిగిలిన ఎర్రన్నంతో పొద్దున్నే తిని చూడండి. రెండో రోజు దాటితే ఉంచకండి.